ఎవరి తప్పూ లేని ప్రమాదాన్ని ఉన్నదున్నట్టు రాయనివ్వండి

నెల్లూరు, ఒంగోలు పార్లమెంటు సభ్యులకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లకు బహిరంగ లేఖ

అయ్యా,

మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. ఈ చిక్కులో సగం ఢిల్లీలో చేసిన చట్టంలో ఉంది, సగం మన స్టేషన్లలో ఫిర్యాదు రాసే బల్ల దగ్గర ఉంది. ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తే ప్రయోజనం ఉండదు.

నేను కావలిలో న్యాయవాదిని. జాతీయ రహదారి 16 మన రెండు జిల్లాల మీదుగా పోతుంది కాబట్టి ఇక్కడి కోర్టుల్లో మోటారు ప్రమాదాల కేసులకు కొదవ లేదు. కొన్ని కేసుల్లో చనిపోయినవారి భార్యాపిల్లల తరఫున పరిహారం కోసం ఓపీ, అంటే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్లో పిటిషను, వేస్తాను. ఇంకొన్నిట్లో డ్రైవరు తరఫున మేజిస్ట్రేటు ముందు నిలబడతాను. రెండు వైపుల మనుషులతోనూ కూర్చుని మాట్లాడే పని నాది.

నా మనవి సూటిగా ఇది. ఎవరి తప్పూ లేకుండా జరిగే ప్రమాదాలు ఉంటాయని మన శిక్షా చట్టం 1860 నుంచీ ఒప్పుకుంటోంది. కానీ చనిపోయినవాడి ఇల్లు నిలబడేంత డబ్బు రావాలంటే ఎవరిదో ఒకరిది తప్పని తేల్చాలని మోటారు వాహనాల చట్టం అంటోంది. అందుకని తప్పు లేని చోట కూడా తప్పు రాయాల్సి వస్తోంది. తప్పు చేయని మనిషి ముద్దాయి అవుతున్నాడు, కొడుకు పోయిన తల్లి తనకే నమ్మకం లేని కాగితం మీద వేలిముద్ర వేస్తోంది. పరిహారాన్ని నింద నుంచి విడదీయండి. అది జరిగిననాడు స్టేషన్లో నిజం రాయడానికి ఎవరికీ భయం ఉండదు.

2024 జూలైలో ఐపీసీ అనే పాత శిక్షా చట్టం స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షన్ ఉంది. పాత ఐపీసీలో ఇదే 80వ సెక్షన్. చట్టబద్ధమైన పనిని, చట్టబద్ధమైన పద్ధతిలో, తగిన జాగ్రత్తతో, చెడు ఉద్దేశం లేకుండా చేస్తున్నప్పుడు అనుకోకుండా హాని జరిగితే అది నేరం కాదు. దాని కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది. ఒకడు గొడ్డలితో పని చేస్తుంటాడు. గొడ్డలి తల ఊడి ఎగిరి పక్కన నిలబడినవాడికి తగులుతుంది, అతను చనిపోతాడు. గొడ్డలి పట్టినవాడి జాగ్రత్తలో లోపం లేకపోతే అది నేరం కాదు. సరుగుడు, జామాయిల్ తోటలు నరికే కూలీలున్న మన ప్రాంతంలో దీన్ని ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. పిడి బిగువు చూసుకుని, పక్కవాళ్లను ఎడంగా నిలబడమని చెప్పి వేటు వేసినవాడు ఒకడు. వదులు పిడితోనే పని కానిచ్చేద్దామనుకున్నవాడు ఇంకొకడు. ఇద్దరి చేతిలోనూ మనిషి పోయాడు. చట్టం మొదటివాణ్ణి వదిలేస్తుంది, రెండోవాణ్ణి పట్టుకుంటుంది.

ఈ తేడా తెల్లదొరలు వచ్చి నేర్పింది కూడా కాదు. కులాన్ని బట్టి శిక్షలు చెప్పిన మనుస్మృతిని నేను ఏనాడూ సమర్థించను. అయినా అందులో 8వ అధ్యాయంలో బండి ప్రమాదాల గురించి ఒక మాట ఉంది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసో చక్రమో విరిగినా, తప్పుకోండని బండివాడు గట్టిగా కేకవేసినా అతనికి శిక్ష లేదు. తోలడం చేతకాక బండి దారి తప్పితే మాత్రం యజమానికి జరిమానా. ఎడ్లబండ్ల కాలానికే ఇంత స్పష్టత ఉంది.

ఇంత పాత సూత్రం మన స్టేషను గడప దాటి లోపలికి రావడం లేదు. రోడ్డు మీద మనిషి పోయిన కేసుల ఫిర్యాదులు పక్కపక్కన పెట్టి చదవండి. ఊరు మారుతుంది, బండి నంబరు మారుతుంది. 'సదరు డ్రైవరు తన వాహనమును అతివేగముగా, అజాగ్రత్తగా నడిపి' అనే వాక్యం మాత్రం మారదు. ఎదురుగా గేదె వచ్చినా అదే, స్టీరింగు రాడ్డు విరిగినా అదే. ఫిర్యాదుదారు ప్రమాదాన్ని కళ్లతో చూసి ఉండడు, ఊళ్లో ఫోను వస్తే ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చిన అన్నో బావమరిదో అయి ఉంటాడు. వేగం సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

ఒక కేసు చెబుతాను. ఇంకా నడుస్తోంది కాబట్టి పేర్లు, ఊర్లు, స్టేషను పేరు రాయను.

కొత్త చట్టాలు వచ్చాక, మే నెలలో, మిట్టమధ్యాహ్నం. రొయ్యల ట్రేలు దించి ఖాళీగా తిరిగొస్తున్న మినీ వ్యాను. రెండు జిల్లాల సరిహద్దుకు దగ్గరలో దాని ముందు కుడి టైరు పేలింది. వ్యాను కుడివైపుకు లాగేసి, డివైడరు ఎక్కి, అవతలి దారిలో మోటారు సైకిలు మీద వస్తున్న ఒక బేల్దారి మేస్త్రిని కొట్టింది. ఆయన అక్కడే పోయాడు. వయసు 30. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి.

ఆ టైరు కొని మూడు నెలలైనా కాలేదు. బిల్లు ఉంది. బండిలో బరువు లేదు. డ్రైవరు తాగలేదని ఆస్పత్రిలో చేసిన పరీక్షలోనే తేలింది. వ్యాను మేస్త్రిని కొట్టిన చోటుకు చాలా వెనకే, వ్యాను వచ్చిన దారిలోనే, టైరు పీలికలు పడి ఉన్నాయి. అక్కడి నుంచి డివైడరు దాకా ఇనప రిమ్ము తారును గీరుకుంటూ పోయిన చార కనిపిస్తోంది. గుద్దుకున్నాక పగిలిన టైరైతే పీలికలు అంత వెనక పడవు. ఈ ఒక్క గుర్తుతోనే టైరు ముందు పేలిందా, తర్వాత పేలిందా అన్నది తేలిపోతుంది. కానీ స్పాట్ స్కెచ్‌లో పీలికలూ లేవు, చారా లేదు. రెండు బండ్లు ఆగిన చోటు, శవం పడిన చోటు, ఉత్తరం ఎటో చూపే బాణం గుర్తు, అంతే. ట్రాఫిక్ ఆగిపోయిందని క్రేను తెచ్చి బండ్లు పక్కకు లాగేశారు. టీ బంకు కుర్రాడు ఫోనులో తీసిన నాలుగు ఫొటోలు లేకపోతే నా దగ్గర ఈపాటి ఆధారమూ ఉండేది కాదు.

మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు రిపోర్టులో టైరు పగిలి ఉందని రాశారు. ఎప్పుడు పగిలిందో రాయలేదు. చివర్న మాత్రం ఎప్పుడూ ఉండే వాక్యమే ఉంది: ప్రమాదం యాంత్రిక లోపం వల్ల జరిగినది కాదు. చార్జిషీటులో ప్రత్యక్ష సాక్షులుగా చూపించినవాళ్లు చప్పుడు విని పొలంలోంచి పరుగెత్తుకొచ్చినవాళ్లు. పెట్టింది న్యాయ సంహిత సెక్షను 106(1), నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం.

ఒకసారి కోర్టు వరండాలో ఆ మేస్త్రి తల్లి నన్ను గుర్తుపట్టి తనే దగ్గరికొచ్చింది. ముద్దాయి తరఫు ప్లీడరునని తెలుసు. "ఆ పిల్లోడిదేం తప్పు లేదులే అయ్యా, టైరు పేలితే వాడేం జేస్తాడు, అట్టా రాస్తేనే డబ్బులొస్తాయంట గదా" అంది. ఆమె ముఖంలో కోపం లేదు. నిలబడటానికి ఓపిక లేక గోడకు ఆనుకుని ఉంది. ఆ డ్రైవరేమో పెద్దకర్మ నాడు వాళ్లింటికి వెళ్లి కాళ్లమీద పడతానన్నాడు. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని చుట్టూ ఉన్నవాళ్లు ఆపేశారు. లైసెన్సు చేతిలో లేదు, ఓనరు వేరే డ్రైవరును పెట్టుకున్నాడు. ఇప్పుడు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా పని చేస్తూ వాయిదాలకొస్తున్నాడు. ఒకళ్లనొకళ్లు తప్పుపట్టుకోని రెండు కుటుంబాలను ఎదురెదురు బెంచీల మీద కూర్చోబెట్టింది ఎవరంటే, నేను ఆ ఎస్సైని అనను. ఒక లెక్క కూర్చోబెట్టింది. ఆ లెక్క పార్లమెంటు సభ్యులు దయచేసి ఓపికగా చూడాలి.

ఆ మేస్త్రి సంపాదన నెలకు 15,000 అనుకుందాం. డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతే, మోటారు వాహనాల చట్టం 166 కింద, సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో చెప్పిన పద్ధతిలో లెక్క కడతారు. ఏడాదికి 1,80,000. సొంతంగా పని చేసుకునే 40 ఏళ్లలోపువాడు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగోవంతు తీసేస్తే 1,89,000. 30 ఏళ్ల వయసుకు 17తో హెచ్చవేయాలి. మొత్తం 32,13,000. అంత్యక్రియల ఖర్చు, భర్తను, తండ్రిని, కొడుకును కోల్పోయినందుకు ఇచ్చేవి వీటికి అదనం.

నిర్లక్ష్యం లేదని తేలితే? 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న 164వ సెక్షను కింద, ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేకుండా, 5 లక్షలు. వయసు ఎంతైనా అంతే, పిల్లలు ఎంతమంది ఉన్నా అంతే.

27 లక్షల పైచిలుకు తేడా. ఫిర్యాదులో ఆ అరిగిపోయిన వాక్యం రాయించేది ఇదే. ఉన్నదున్నట్టు టైరు పేలిందని రాస్తే, ఇన్సూరెన్సు కంపెనీ తరఫు న్యాయవాది ఆ కాగితాన్నే ట్రిబ్యునల్లో పెట్టి, డ్రైవరు తప్పు లేదు కాబట్టి 166 వర్తించదని వాదిస్తాడు. ఆ వితంతువు చెప్పిన నిజం ఆమె పిల్లల మీదికే వస్తుంది. అలాంటప్పుడు ఆమెకు తెలిసిన ఏ పెద్దమనిషైనా, అట్టా రాయించమ్మా అనే చెబుతాడు. నేను వాళ్లను తప్పుపట్టను.

ఇదే మేస్త్రి కట్టుబడి పనిలో ఉండగా పరంజా కూలి పోయి ఉంటే? పనిలో జరిగే ప్రమాదాలకు 1923లో వచ్చిన పరిహార చట్టం గానీ, 2025 నవంబరులో దాని స్థానంలోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ గానీ మేస్త్రీ తప్పా, కంట్రాక్టరు తప్పా అని అడగవు. పనిలో, పనివల్ల జరిగిందా అనే చూస్తాయి. నెలకు 15,000 కూలికి అందులో సగం 7,500, 30 ఏళ్ల వయసుకు ఆ చట్టం పట్టికలో ఉన్న 207.98తో హెచ్చవేస్తే 15,59,850. టికెట్టు తీసుకుని రైల్లో వస్తూ బిట్రగుంట దగ్గర జారిపడి పోయి ఉంటే? రైల్వే చట్టం 124ఏ కింద 8 లక్షలు. రైల్వే తప్పుందా అని అక్కడా అడగరు. ఆత్మహత్యా, తాగి ఉన్నాడా, సొంతగా చేసుకున్నదా అన్నవే చూస్తారు. అదే మనిషి, అదే వయసు, అదే నలుగురు దిక్కులేనివాళ్లు. రోడ్డు మీద పోయాడు కాబట్టి 5 లక్షలు. ఈ తేడాకు కారణం అడిగితే పార్లమెంటులో ఎవరైనా జవాబు చెప్పగలరా?

ఈ మొత్తాలు పెరుగుతూ వచ్చిన తీరు కూడా చూడండి. తప్పుతో పనిలేని పరిహారం మొదట 1982లో పాత మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది, మరణానికి 15,000. 1988 చట్టంలో 25,000 అయింది. 1994లో 50,000. అప్పట్లో అది మధ్యంతర సాయం. ముందు ఆ డబ్బు తీసుకుని, పెద్ద కేసు పెద్ద కేసుగానే నడుపుకోవచ్చు. 2018లో కేంద్రం తప్పుతో పనిలేని మరో పద్ధతి కింద ఇచ్చే పరిహారాన్ని 5 లక్షలు చేసి, ఏటా 5 శాతం పెరగాలని నోటిఫికేషన్ ఇచ్చింది. 2019 సవరణతో పాత సెక్షన్లు రెండూ పోయాయి. కొత్త 164లో 5 లక్షలు మిగిలింది, ఏటా పెరిగే ఏర్పాటు మిగల్లేదు. పైగా ఇన్సూరెన్సు కంపెనీ ఇవ్వజూపిన ఆ 5 లక్షలు ఒప్పుకుని తీసుకుంటే ట్రిబ్యునల్లో ఉన్న పెద్ద కేసు అక్కడితో రద్దయిపోతుంది. కష్టంలో ఉన్నవాళ్లకు ముందు చేతికందే సాయం కాస్తా, పెద్ద హక్కును అమ్ముకునే బేరంగా మారింది. ఈ సవరణ చేసినప్పుడు దీన్ని గట్టిగా అడిగినవాళ్లు లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

కోర్టులు దారి చూపించలేదని కాదు. 2001లో కౌశ్‌నుమా బేగం కేసులో సరిగ్గా ఇలాగే జరిగింది. జీపు ముందు టైరు పేలి బోల్తాపడి, రోడ్డు మీద నడిచిపోతున్న మనిషిని కొట్టింది. డ్రైవరు నిర్లక్ష్యం లేదని ట్రిబ్యునల్ అంది. ప్రమాదకరమైన వస్తువును రోడ్డు మీదికి తెచ్చినవాడు నిర్లక్ష్యం లేకపోయినా నష్టపరిహారం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు అంది. మరుసటి ఏడాది శైల్ కుమారి కేసులో, వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద తెగిపడిన కరెంటు తీగ తగిలి సైకిలు మీద వస్తున్న మనిషి పోతే, మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డుకు అదే సూత్రం వర్తింపజేసింది. తుపాను వస్తే తీగలు తెగిపడే మన తీరంలో ఆ తీర్పు విలువ మీకు తెలుసు. కానీ నిర్లక్ష్యం రుజువు కావాల్సిందేనని 1977లో మీనూ మెహతా కేసులో వచ్చిన తీర్పును పట్టుకుని కంపెనీలు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాయి. రెండు దారులు కనిపిస్తున్నప్పుడు పేదవాళ్లు ఏ దారి పడతారు? పోలీసు కాగితంలో తప్పు రాసి ఉన్న దారే పడతారు.

డబ్బు సంగతి అలా ఉండగా, శిక్ష సంగతి ఈమధ్య ఇంకా బరువెక్కింది. పాత ఐపీసీ 304ఏ కింద గరిష్ఠంగా 2 ఏళ్లు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి వచ్చిన 106(1) కింద 5 ఏళ్ల దాకా జైలు, దానితో పాటు జరిమానా. జరిమానాతో సరిపెట్టే వీలు చట్టంలోంచి పోయింది. 'తప్పు ఒప్పేసుకో, ఫైను కట్టి బయటపడతావు' అని డ్రైవర్లకు పాతకాలపు సలహా ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ సలహా విన్నవాడు ఇప్పుడు జైలుకు పోవాల్సి రావచ్చు. తప్పు చేసినవాడికి శిక్ష పెరిగితే నాకు అభ్యంతరం లేదు. అలాంటప్పుడు తప్పు ఉందో లేదో చూసే కన్ను కూడా అంతే పదునెక్కాలి కదా.

సుప్రీంకోర్టు ఇక్కడ కూడా స్పష్టంగానే చెప్పింది. 1979లో సయ్యద్ అక్బర్ కేసు. రోడ్డు దాటుతున్న పసిబిడ్డను తప్పించబోయి డ్రైవరు బస్సును బాగా కుడికి తిప్పాడు. అయినా బిడ్డ దక్కలేదు. ప్రమాదం జరిగింది కాబట్టి నిర్లక్ష్యం ఉండే ఉంటుందని క్రిమినల్ కేసులో అనుకోకూడదని చెప్పి ఆ డ్రైవరును విడిచిపెట్టారు. 1998లో సతీశ్ కేసులో, లారీ బోల్తాపడి మనుషులు పోయినప్పుడు, 'చాలా వేగంగా నడిపాడు' అని సాక్షి అన్నంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదన్నారు. ఆ తీర్పుల వల్ల మా డ్రైవర్లు చివరికి విడుదలవుతారేమో. కానీ ఆ చివర చేరేలోగా వాడి సంపాదన, పెళ్లి సంబంధం, ఊళ్లో మర్యాద అన్నీ పోతాయి.

ఎస్పీలకు నేను చెప్పేది వినగానే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. ఇలా వదిలేస్తే ప్రతి డ్రైవరూ టైరు పేలిందనే అంటాడు, బ్రేకులు పడలేదనే అంటాడు. నిజమే, అంటాడు. అందుకే చూడమంటున్నాను. చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్లు పరిమితికి మించి ఎక్కించుకున్న ట్రైలరు టైరు పేలితే అది అనుకోని ప్రమాదం కాదు. గీతలు అరిగి గుండైన టైరుతో ఎండాకాలం హైవే ఎక్కడం నిర్లక్ష్యమే, డ్రైవరుదో, అలాంటి టైరుతో పంపిన ఓనరుదో. సర్వీసు చేయించని బ్రేకులు పడకపోతే బ్రేకుల మీదికి నెట్టకూడదు. లైట్లు లేకుండా రోడ్డు అంచున నిలిపిన లారీ, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చడం, ముప్పై గంటలు నిద్రలేకుండా స్టీరింగు పట్టడం, వీటిలో పోయిన ప్రాణాలకు మనుషులే కారణం. మన రోడ్ల మీద పోయే ప్రాణాల్లో చాలావరకు ఇలాంటివేనని నేనూ నమ్ముతాను. ఆ కొద్దిపాటి మిగతావాటి కోసమే ఈ ఉత్తరం. 18వ సెక్షను అడిగేది కూడా 'తగిన జాగ్రత్త' తీసుకున్నాడా అనే. టైరు బిల్లు, ఫిట్‌నెస్ కాగితం, బరువు చీటీ, ఆస్పత్రి పరీక్ష, రోడ్డు మీది గుర్తులు, ఇవన్నీ దానికి జవాబులే.

పోలీసుల ఇబ్బంది కూడా నాకు తెలియనిది కాదు. రోడ్డు మీద శవం, చుట్టూ బంధువులు, అటూ ఇటూ కిలోమీటర్ల కొద్దీ ఆగిన లారీలు. ఆ సమయంలో డ్రైవరు తప్పు లేదని ఒక ఎస్సై అంటే, డబ్బు తిని కేసు నీరుగార్చాడని సాయంత్రానికి ఊరంతా అంటుంది. తప్పు రాస్తే ఆయన్నెవరూ ఏమీ అనరు. అందుకే ఈ భారం ఒక్క ఎస్సై నెత్తిన పెట్టకుండా పై నుంచి ఆదేశం రావాలి.

దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. కేసుల దర్యాప్తు పద్ధతి చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(3) కింద, 3 ఏళ్ల నుంచి 7 ఏళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చు. 106(1)కు శిక్ష 5 ఏళ్ల దాకా కాబట్టి అది ఇందులోకి వస్తుంది. టైరు పేలడం, పశువు అడ్డం రావడం, చెట్టు విరిగిపడటం, నడుపుతుండగా డ్రైవరుకు గుండెపోటు రావడం, ఇలాంటి జాడలు కనిపించినప్పుడు ఈ వీలును వాడమని సర్క్యులర్ ఇవ్వండి. ప్రమాద నివేదిక ఎలాగూ 48 గంటల్లో ట్రిబ్యునల్‌కు పోవాలి కాబట్టి బాధితులకు ఆలస్యం ఉండదు. స్కెచ్‌లో టైరు పీలికలు, రిమ్ము చార, బ్రేకు గుర్తులు దూరాలతో సహా వేయాలి, క్రేను రాకముందే ఫొటోలు తీయాలి. టైరు పేలింది గుద్దుకోకముందా, తర్వాతా అన్న ప్రశ్నను ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా పంపాలి. ఫిర్యాదుదారు చెప్పిన మాటలే ఫిర్యాదులో ఉండాలి, చూడనిదాన్ని చూసినట్టు రాయించొద్దు. విచారణలో తప్పు కనబడకపోతే 'యాక్షన్ డ్రాప్' చేయడానికి, అంటే కేసు అక్కడితో ఆపేయడానికి, వెనకాడొద్దు. ఆ నివేదికలో ఎందుకు డ్రాప్ చేశారో వివరంగా రాస్తే నీరుగార్చారన్న మాటా రాదు.

పార్లమెంటు సభ్యులను అడిగేది 164వ సెక్షను సవరణ. అందరికీ ఒకటే అనే 5 లక్షల మొత్తం తీసేసి, పనివాళ్ల పరిహార చట్టంలో ఉన్నట్టు వయసు, సంపాదనలను బట్టి లెక్క పెట్టండి. ఏళ్ల తరబడి నడుస్తున్న లెక్కే కాబట్టి కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. ఏటా పెరిగే ఏర్పాటు తిరిగి తెండి. ఆ డబ్బు తీసుకున్నా పెద్ద కేసు రద్దు కాకూడదు, అందులోంచి తగ్గించుకుంటే చాలు. ప్రీమియం పెరుగుతుందని కంపెనీలు అంటాయి. కొంత పెరగొచ్చు. కానీ ఇప్పుడు కూడా ఈ కేసుల్లో అవి కడుతూనే ఉన్నాయి, తప్పు లేని చోట తప్పు రాయించుకున్న తర్వాత, ఏళ్ల తరబడి వాదించిన తర్వాత. న్యూజిలాండ్ 1974 నుంచి ప్రమాద పరిహారంలో తప్పు అనే ప్రశ్నే తీసేసి నడుపుకుంటోంది. మనం అంత దూరం పోనక్కర్లేదు.

ఇంకొక సంగతి కూడా సవరణలో చేరాలి. బావమరిది బండి అడిగి తీసుకుని సంతకు పోతాడు ఒకడు. అడ్డం వచ్చిన ఎడ్లబండికి తగిలి పోతాడు. ఎదుటి వాహనం మోటారు వాహనం కాదు, దానికి ఇన్సూరెన్సు లేదు. అడిగి తెచ్చుకున్న బండి ఇన్సూరెన్సు అడిగితే, నువ్వు ఓనరు స్థానంలో ఉన్నావు కాబట్టి నీ చావుకు నువ్వే పరిహారం అడగలేవంటారు. 2009లో నింగమ్మ కేసులో, 2020లో రాంఖిలాడీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చట్టాన్ని చదివితే కోర్టు మాట సరైనదే, మార్చాల్సింది చట్టాన్ని. మన పల్లెల్లో ఇంటికొక్క బండి, దాన్ని నడిపేది నలుగురు. పాలసీలో ఓనరు-డ్రైవరుకు ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా, ఆ ఇంట్లో లైసెన్సుతో ఆ బండి నడిపే ఎవరికైనా వర్తించేలా మార్చండి. ఈ ఉత్తరం చదివే మామూలు జనానికి ఒక మాట: అది మారేలోగా, బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్లవాళ్లంతా ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టుకోండి. ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి, ఎవరి తప్పని అడగరు. అలాగే, పరిహారం కేసు ప్రమాదం జరిగిన 6 నెలల్లో వేయాలని 2019 సవరణ చెబుతోంది. పెద్దకర్మ అయ్యాక చూద్దాం, పంట అయ్యాక చూద్దాం అని వాయిదా వేయకండి.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో ప్రజా సమస్యలను సభ దృష్టికి తెచ్చే లోక్‌సభ 377 నిబంధన కింద ఈ 164వ సెక్షను సంగతి లేవనెత్తమని మన సభ్యులను కోరుతున్నాను. రోడ్డు రవాణా మంత్రి ఇచ్చే జవాబు లిఖితంగా వస్తుంది, దాన్ని బట్టి సభ్యులు సొంతంగా పెట్టే ప్రైవేటు బిల్లు ఆలోచించవచ్చు. పైన వేసిన లెక్కలన్నీ పట్టికగా, సెక్షన్లతో, తీర్పులతో సహా తయారు చేసి ఉంచాను. మీ కార్యాలయం నుంచి ఎవరు అడిగినా ఆ రోజే పంపుతాను. ఎస్పీలు అనుమతిస్తే, స్పాట్ స్కెచ్ గురించి, 173(3) గురించి స్టేషను అధికారులతో మాట్లాడటానికి నెల్లూరైనా ఒంగోలైనా వస్తాను. రెండు జిల్లాల బార్ అసోసియేషన్లలో ఈ కేసులు చూసే సీనియర్లు ఉన్నారు. వాళ్లనూ, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్లనూ, లారీ డ్రైవర్ల సంఘాలనూ పిలిచి ఒక పూట కూర్చోబెట్టండి. వేసవి వచ్చి టైర్లు పేలే రోజులు మొదలుకాకముందే ఆ సర్క్యులర్ స్టేషన్లకు చేరితే మంచిది.

ఇట్లు,
కావలి నుంచి ఒక న్యాయవాది